బొడో మ్యాచ్‌కి బాబాయ్‌తో

మా బాబాయ్ ఫుట్‌బాల్ మ్యాచ్‌కి ఎప్పుడూ చెప్పులతో వెళ్లరు. వానాకాలమైనా సరే, లేసుల బూట్లే. ఖరగ్‌పూర్‌లో వాళ్లింటి గుమ్మంలో కూర్చుని ఒక్కో లేసుకీ రెండేసి ముళ్లు వేసుకుంటుంటే, ఎందుకని అడగబోయి ఊరుకున్నాను. సంగతి నాకు తెలుసు. చిన్నప్పుడు సెలవులకి వచ్చినప్పుడల్లా విన్నదే. ఈసారి ఆ చోటు కళ్లారా చూడాలనే విశాఖలో హౌరా మెయిల్ ఎక్కాను.

2024 ఆగస్టు 18, ఆదివారం. డ్యూరాండ్ కప్ ఫుట్‌బాల్ టోర్నీలో ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ క్లబ్బుల మ్యాచ్. కలకత్తా వాళ్లు దాన్ని 'బొడో మ్యాచ్' అంటారు, పెద్ద మ్యాచ్ అని. నా దగ్గర రెండు టికెట్లున్నాయి. నేను ఒకరోజు ముందే వచ్చేస్తే శనివారమంతా బాబాయ్ నాకు కలకత్తా నడిబొడ్డున క్లబ్బులన్నీ ఉండే పెద్ద బయలు, మైదాన్, చూపించాలి, ఆదివారం ఇద్దరం స్టేడియానికి వెళ్లాలి. ఇదీ మా ప్లాను.

ఖరగ్‌పూర్‌లో తెలుగు వినపడడం వింతేమీ కాదు. రైల్వే పనుల కోసం తరాల కిందట వచ్చి స్థిరపడిన మనవాళ్లు అక్కడ చాలామందే ఉన్నారు. బాబాయ్ వాళ్ల కుటుంబమూ అలా శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినదే. 1980లో ఆయనకి ఇరవై రెండేళ్లు. వర్క్‌షాప్‌లో అప్రెంటిస్. పక్క బెంచీ మీద పనిచేసే బెంగాలీ కుర్రాడు ఆయనకి ప్రాణస్నేహితుడు. ఆయన మోహన్ బగాన్, మా బాబాయ్ ఈస్ట్ బెంగాల్.

"మీరు ఈస్ట్ బెంగాల్ ఎలా అయ్యారు బాబాయ్?" అని లోకల్ రైల్లో అడిగాను.

"అప్పారావు ఆడిన క్లబ్బురా" అన్నారు, అంతకన్నా కారణం ఏం కావాలన్నట్టు.

నిజమే. 1950 ప్రాంతంలో ఈస్ట్ బెంగాల్‌కి అయిదుగురు ఫార్వర్డ్‌లు ఉండేవారు. వెంకటేశ్, అప్పారావు, ధనరాజ్, అహ్మద్ ఖాన్, సాలే. జనం వాళ్లని పంచపాండవులని పిలుచుకున్నారు. అయిదుగురూ దక్షిణాది వాళ్లే, అప్పారావు మన తెలుగాయన. తర్వాతి తరంలో హైదరాబాదీ మహమ్మద్ హబీబ్ వచ్చారు. ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మడన్ స్పోర్టింగ్ మూడింటికీ ఆడారు. 1977లో పెలే ఉన్న కాస్మోస్ జట్టు మీద ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్ తరఫున గోల్ కొట్టారు. కలకత్తా ఆయన్ని 'బడే మియా' అని నెత్తిన పెట్టుకుంది. "నిరుడు ఆగస్టు 15న పోయారు" అని బాబాయ్ కిటికీ వైపు తిరిగారు. కాసేపు మాటల్లేవు.

హౌరాలో దిగి, బాబూఘాట్‌కి ఫెర్రీ ఎక్కాం. గంగ బురదరంగులో నిండుగా పోతోంది. "డెబ్బై అయిదులో మోహన్ బగాన్ ఆటగాళ్లు ఈ గంగలోనే పడవలో దాక్కున్నారని చెప్పుకుంటారు" అన్నారు బాబాయ్. ఆ ఏడాది సెప్టెంబర్ 30న ఐ.ఎఫ్.ఎ. షీల్డ్ టోర్నీ ఫైనల్లో ఈస్ట్ బెంగాల్ 5-0తో గెలిచింది. సొంత అభిమానుల కోపానికి భయపడి ఆటగాళ్లు రాత్రంతా ఒడ్డుకి రాలేదట. ఆ ఓటమి తట్టుకోలేక ఒక మోహన్ బగాన్ అభిమాని ప్రాణం తీసుకున్నాడు. ఆట ఓడితే మనిషి చచ్చిపోవడమేమిటని నాకు చిన్నప్పటి నుంచీ అర్థమయ్యేది కాదు. ఇప్పటికీ పూర్తిగా అర్థమైందని చెప్పను. కానీ ఈ రెండు క్లబ్బుల పుట్టుక తెలిస్తే కొంత అందుతుంది.

మోహన్ బగాన్ 1889 నాటిది. 1911 జూలై 29న ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్ అనే తెల్లవాళ్ల సైనిక జట్టుని 2-1తో ఓడించి ఆ ఐ.ఎఫ్.ఎ. షీల్డే గెలిచింది. మనవాళ్లలో చాలామందికి కాళ్లకి బూట్లు కూడా లేవు. అప్పట్నుంచి అది ఒక క్లబ్బు మాత్రమే కాదు. ఈస్ట్ బెంగాల్ పుట్టింది అలక నుంచి. 1920లో జోరాబగాన్ అనే క్లబ్బు మోహన్ బగాన్‌తో ఆడబోతూ శైలేశ్ బోస్ అనే తూర్పు బెంగాల్ ఆటగాణ్ని పక్కన పెట్టింది. అది అవమానంగా తోచి, ఆ క్లబ్బు ఉపాధ్యక్షుడు సురేశ్ చంద్ర చౌధురి బయటికొచ్చి కొందరితో కలిసి వేరే క్లబ్బు పెట్టారు. పడమటి బెంగాల్ వాళ్లు 'ఘటీలు', తూర్పు నుంచి వచ్చినవాళ్లు 'బాంగాళ్లు'. 1947 తర్వాత ఇల్లూ పొలమూ సరిహద్దుకి అవతల వదిలేసి వచ్చిన లక్షలమందికి, ఈ ఊళ్లో మాది అని చెప్పుకోవడానికి మిగిలినవాటిలో ఈస్ట్ బెంగాల్ ఎరుపు, పసుపు జెర్సీ ఒకటి. ఈస్ట్ బెంగాల్ గెలిస్తే పులస చేప, అదే వాళ్ల ఇలీశ్, వండుకుంటారు. మోహన్ బగాన్ గెలిస్తే రొయ్యలు. ఆ సాయంత్రం బజారులో గెలిచినవాళ్ల చేప ధర పెరుగుతుందట.

బాబూఘాట్ నుంచి ఈడెన్ గార్డెన్స్ ఎంతో దూరం లేదు. నడిచాం. దారిలో గోష్ఠ పాల్ విగ్రహం దగ్గర బాబాయ్ ఆగి దణ్ణం పెట్టారు. మోహన్ బగాన్ డిఫెన్స్‌లో గోడలా నిలబడ్డ మనిషి ఆయన. పుట్టింది మాత్రం తూర్పు బెంగాల్ ఫరీద్‌పూర్‌లో. "చూశావా, ఇదీ ఘటీ-బాంగాళ్ గొడవ అసలు రూపం" అన్నారు బాబాయ్. ఆ ఒక్క మాటలో చాలా ఉందనిపించింది నాకు.

స్టేడియం గేట్లు మూసి ఉన్నాయి. బయటి నుంచే చూశాం. బాబాయ్ గోడకి దగ్గరగా వెళ్లి, అరచెయ్యి ఆనించి, చాలాసేపు అలాగే నిలబడ్డారు.

1980 ఆగస్టు 16. కలకత్తా లీగ్ మ్యాచ్. సాల్ట్ లేక్ స్టేడియం అప్పటికింకా లేదు, అది 1984లో వచ్చింది. జనం ఎక్కువ పడతారని పెద్ద మ్యాచ్‌లు ఈ క్రికెట్ మైదానంలోనే పెట్టేవారు. రెండు జట్ల అభిమానుల్నీ ఒకే గ్యాలరీలో పక్కపక్కన కూర్చోబెట్టారు. బాబాయ్, ఆయన స్నేహితుడు అలా కలిసే కూర్చున్నారు. ఈడెన్‌లోనే రంజీ స్టేడియం అని పిలిచే గ్యాలరీ వైపు కాదు, దాని ఎదుటి వైపు. ఆ టికెట్లు దొరకడమే మా పిన్ని అదృష్టం.

రెండో సగంలో ఈస్ట్ బెంగాల్ డిఫెండర్ దిలీప్ పాలిత్, మోహన్ బగాన్ వింగర్ బిదేశ్ బోస్‌ని గట్టిగా ఫౌల్ చేశాడు. బిదేశ్ తిరగబడ్డాడు. రిఫరీ సుధీన్ ఛటర్జీ ఇద్దరికీ రెడ్ కార్డు చూపించారు. మైదానంలో అంతకుమించి పెద్దగా ఏమీ జరగలేదు. జరిగిందంతా గ్యాలరీలోనే. రంజీ స్టేడియం వైపు రాళ్లు, ఇటుక ముక్కలు లేచాయి. ఒకరి మీద ఒకరు పడ్డారు. తప్పించుకోవాలని జనం ఒక్కసారిగా మెట్ల మీదికి తోసుకొచ్చారు. తొక్కిసలాటలో కొందరు, ఎత్తు మీంచి కిందపడి కొందరు పోయారు. మొత్తం పదహారు మంది. చాలావరకు కుర్రాళ్లే.

"మాకు మొదట ఏం తెలీలేదు" అన్నారు బాబాయ్. "అటు ఏదో గొడవ అవుతోందని తెలుస్తోంది. ఇటు మేము ఆట చూస్తూనే ఉన్నాం. ఆట ఆపలేదు కదా. అయిపోయాక బయటికొస్తుంటే జనం నెట్టేశారు. నా చెప్పు ఒకటి ఊడిపోయింది. తీసుకుందామని వంగబోతే వాడు నా కాలర్ పట్టుకుని పైకి లాగేశాడు. వంగావంటే చస్తావురా అన్నాడు. బయట మెట్ల కింద చూస్తే చెప్పులు. కుప్పలు కుప్పలుగా చెప్పులు. జతలు లేవు."

ఆ రాత్రి ఇద్దరూ ఒకే లోకల్లో ఖరగ్‌పూర్ వచ్చారట, బాబాయ్ ఒంటికాలి చెప్పుతో. చచ్చిపోయినవాళ్ల లెక్క తెల్లారి పేపర్లోనే తెలిసింది. ఇప్పటికీ ఏటా ఆగస్టు 16న కలకత్తాలో వాళ్ల జ్ఞాపకంగా రక్తదానం చేస్తారు. ఫుట్‌బాల్ ప్రేమికుల రోజు అంటారు దాన్ని.

నేను దీని గురించి చాలా ఆలోచించాను. ఇంగ్లండ్‌లో 1970ల, 80ల హూలిగన్లు ముఠాలు కట్టి, వాటికి పేర్లు పెట్టుకుని, కొట్లాట కోసమే రైళ్లెక్కి వెళ్లేవారు. 1985లో బ్రస్సెల్స్ హేసెల్ స్టేడియంలో లివర్‌పూల్ అభిమానుల దూకుడుకి గోడ కూలి 39 మంది పోయారు. కలకత్తా కథ ఆ తీరుది కాదు. ఇక్కడ రాయి విసిరినవాడు మర్నాడు పొద్దున్నే ఆఫీసుకి వెళ్లే గుమాస్తా, కాలేజీ కుర్రాడు. అలాగని వాళ్ల తప్పు చిన్నదని నేననను. ఇటుక ముక్క ఎవరు విసిరినా ఇటుక ముక్కే. కానీ ఆ రోజు పదహారు మందిని ఒక్క కోపమే చంపలేదు. కలిపి కూర్చోబెట్టిన టికెట్లు, అంతమంది ఒక్కసారి దిగడానికి చాలని మెట్లు, అంత జనాన్ని అదుపు చెయ్యలేని ఏర్పాట్లు, అన్నీ కలిసి చంపాయి. 1997 జూలై 13న ఇవే రెండు జట్ల ఫెడరేషన్ కప్ సెమీఫైనల్‌కి సాల్ట్ లేక్‌లో 1,31,781 మంది వచ్చారు. భైచుంగ్ భుటియా హ్యాట్రిక్ కొట్టాడు, ఈస్ట్ బెంగాల్ 4-1తో గెలిచింది. బాబాయ్ లేసుల బూట్లతో ఆ మ్యాచ్‌కీ వెళ్లొచ్చారు. అంత సముద్రం లాంటి జనం ఆ రాత్రి ఇళ్లకి చేరింది.

అలాగని గొడవలు ఆగాయనీ కాదు. 2012 డిసెంబర్ 9న అదే సాల్ట్ లేక్‌లో గ్యాలరీ నుంచి వచ్చిన రాయి మోహన్ బగాన్ ఆటగాడు రహీమ్ నబీ మొహానికి తగిలింది. వాళ్ల జట్టు రెండో సగానికి మైదానంలోకి రాలేదు.

మధ్యాహ్నం మైదాన్‌లో ఒక క్లబ్ క్యాంటీన్‌లో కూర్చున్నాం. ఆ నేలంతా సైన్యానిది, పక్కా భవనాలు కట్టనివ్వరు. అందుకే క్లబ్ ఇళ్లని ఇప్పటికీ 'టెంట్' అనే పిలుస్తారు. అక్కడి స్టూ, టోస్ట్ పేరుపడ్డవి. తెల్లటి పల్చటి చారులో ఒక కోడిముక్క, బొప్పాయి ముక్క, క్యారెట్, పైన మిరియాలపొడి. బాబాయ్ టోస్ట్ తుంచి అందులో ముంచుకుంటుండగా పక్క బల్ల కుర్రాడు ఫోన్ చూసి "ఖేలా బాతిల్" అన్నాడు. మ్యాచ్ రద్దు.

నాకు పెద్దగా ఆశ్చర్యం వెయ్యలేదు. ఆగస్టు 9న ఆర్‌జీ కర్ ఆస్పత్రిలో ఒక యువ డాక్టరు మీద అత్యాచారం చేసి చంపేశారు. 14వ తేదీ రాత్రి ఆడవాళ్లు ఊరూరా వీధుల్లోకి వచ్చారు. గ్యాలరీల్లో కూడా నిరసన ఉంటుందని అందరూ అనుకుంటున్నదే. భద్రత చాలదని చెప్పి మ్యాచ్ ఆపేశారు. కానీ సాయంత్రానికల్లా ఇంకో మాట పాకిపోయింది. మ్యాచ్ లేకపోయినా ఆదివారం అందరూ సాల్ట్ లేక్ స్టేడియం దగ్గరికి వస్తున్నారని.

పిన్ని వద్దంది. "వయసొచ్చిందా లేదా మీకు? ఒకసారి అయింది చాలదా?" అని బాబాయ్ మీద కేకలేసింది. ఆయన మాట్లాడకుండా లేసులు కట్టుకున్నారు. రెండేసి ముళ్లు.

హౌరా నుంచి బస్సెక్కి, బైపాస్‌కి కొంచెం ఇవతలే దిగి నడిచాం. స్టేడియం చుట్టూ గుమికూడడం మీద నిషేధం పెట్టారు, ఎక్కడ చూసినా పోలీసులే. అయినా జనం వస్తూనే ఉన్నారు. ఎరుపు పసుపు జెర్సీలు, మోహన్ బగాన్ వాళ్ల మెరూన్ ఆకుపచ్చ జెర్సీలు, మధ్యమధ్య మహమ్మడన్ వాళ్ల నలుపు తెలుపు. జీవితంలో ఎప్పుడూ ఒకే పక్కన నిలబడని రంగులు. మెరూన్ ఆకుపచ్చ వేసుకున్న ఒకతను ఈస్ట్ బెంగాల్ కుర్రాణ్ని భుజాల మీద ఎక్కించుకున్నాడు. పైన ఉన్నవాడు పిడికిలెత్తి అరుస్తుంటే కిందివాడు అతని మోకాళ్లు గట్టిగా పట్టుకుని బదులు పలుకుతున్నాడు.

"దుయ్ గ్యాలరీర్ ఎక్ స్వర్, జస్టిస్ ఫర్ ఆర్‌జీ కర్!"

రెండు గ్యాలరీలది ఒకే గొంతు. బాబాయ్ పెదాలు కదిలాయి గానీ మాట రాలేదు. కళ్లు తుడుచుకున్నారు. మూడోసారికి ఆయనా అందుకున్నారు, ఆ తర్వాత నేనూ.

కాసేపటికి ముందు వైపు అలజడి మొదలైంది. లాఠీలు లేచాయి. జనం ఒక్కసారిగా వెనక్కి తిరిగారు. నాకు గుండె ఆగినంత పనైంది. పరిగెత్తబోయాను. బాబాయ్ నా చొక్కా కాలర్ పట్టుకుని పక్కకి లాగేశారు.

"పరిగెత్తకు! గోడకి ఆనుకో. కింద చూడకు, ఏది పడినా తియ్యకు."

అరవై ఆరేళ్ల మనిషి చేతిలో అంత బలం ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలీదు. గోడకి వీపు ఆనించి నిలబడ్డాం. మా ముందు నుంచి పరిగెడుతున్నవాళ్లలో ఒక పిల్లాడు తూలి పడబోయాడు. ఎరుపు పసుపు జెర్సీ. వెనకాల వస్తున్న మోహన్ బగాన్ కుర్రాళ్లిద్దరు ఆగి, చేతులు చాచి, తమ చుట్టూ కాస్త చోటు చేసి వాణ్ని లేవదీశారు. లేచినవాడు వాళ్లతోనే వెళ్లిపోయాడు. చూస్తుండగానే నినాదం కొంచెం దూరంలో మళ్లీ మొదలైంది.

రాత్రి లోకల్లో కూర్చున్నాక బాబాయ్ ఫోన్ తీశారు. అవతల ఆ పాత స్నేహితుడు. రిటైరై మేదినీపూర్‌లో ఉంటున్నారు. బెంగాలీలో చాలాసేపు మాట్లాడుకున్నారు. నాకు అన్నీ అర్థం కాలేదు. "కలిసే నిలబడ్డార్రా" అన్న మాటా, దాని తర్వాత ఇద్దరూ మౌనంగా ఉండిపోవడమూ అర్థమయ్యాయి.

ఇల్లు చేరేసరికి పిన్ని అరుగు మీదే కూర్చుని ఉంది. ఏమీ అనలేదు, మంచినీళ్లు తెచ్చిచ్చింది. బాబాయ్ గుమ్మంలో కూర్చుని లేసులు విప్పబోయారు. వేళ్లు వణుకుతున్నాయి, చెమటకి తడిసి ముడి బిగుసుకుపోయింది. నేను కింద కూర్చుని ఆయన పాదం నా ఒళ్లోకి తీసుకుని, ఒక్కో ముడీ విప్పాను.