ఆవుని రమ్మని పైరు చూపిస్తే

ఇవాళ దొడ్లో కొబ్బరి దింపు. పొద్దున్నే దింపోళ్ళు వచ్చేశారు, కాయలు ధబధబా పడుతుంటే అటువైపు ఎవర్నీ వెళ్ళొద్దని చెప్పేసి నేనూ, మావయ్యగారూ, మా తోటికోడలి కూతురు బుజ్జీ వీధరుగు మీద చేరాం. కరెంటు లేదు, బుజ్జికి కాలేజీ సెలవు, మావయ్యగారి చేతిలో హిందూ పేపరు మడతపెట్టి ఉంది, గడి (క్రాస్‌వర్డ్) ఉన్న పేజీ పైకొచ్చేలాగ. ఇంక వేరే పనేం సాగుతుంది చెప్పండి.

నేను ఊళ్ళో గ్రంథాలయంలో పిల్లల కోసం తెలుగులో ఓ గడి కడుతున్నా, మెలికలుండే ఆధారాలతో. సగం అయ్యింది, మిగతా సగం ఇవాళ బుజ్జి మీద ప్రయోగిద్దామని కాయితం తీశాను. మొదటిది ఇది.

ఆవుని రమ్మని పైరు చూపిస్తే పారుతూ వస్తుంది (4)

చదవడం పూర్తవ్వలేదు, "గోదావరి పిన్నీ" అనేసింది. నాలుగు గళ్ళు, పారుతూ వస్తుంది, మన ఊరు, ఇంకేం కావాలి అని దాని ధీమా. సరే గోదావరే, ఎందుకు? అన్నాను. ఎందుకేంటి పిన్నీ, పారేది అదే కదా అంది. మరి ఆవు ఏమైంది, పైరు ఏమైంది, రమ్మనడం ఎందుకు పెట్టాను, ఊరికే పెట్టానా? అప్పుడు కాయితం లాక్కుని వేలు పెట్టి ఒక్కో మాటే చదివింది. ఆవు అంటే గో. పైరు అంటే వరి, అది దొరకగానే మొహం మారిపోయింది. మధ్యలో ఒక్క దా మిగిలింది. "దా… దా… దా అంటే రా! మామ్మ దూడని పిలుస్తుంది కదా, దా దా అని!" అని ఎంత గట్టిగా అరిచిందంటే దింపోళ్ళు కూడా ఇటు చూశారు.

ఆ అరుపు కోసమే నేనీ గడులు కట్టేది, నిజంగా. జవాబు గళ్ళలో రాసేస్తే గడి నిండుతుంది, అంతే. ఆధారంలో ప్రతి మాటా ఏ పని చేసిందో నోటితో చెప్పగలిగినప్పుడే అది విప్పినట్టు అని నేను గట్టిగా నమ్ముతాను, మావయ్యగారు అయితే ఇంకా గట్టిగా. ఆయన లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు, స్టెప్పులు లేకుండా ఆన్సర్ రాస్తే మార్కులు వేసేవారు కాదంట, హిందూ గడి కూడా అలాగే చేస్తారు, ప్రతి ఆధారం పక్కన పెన్సిలుతో చిన్నగా ఎందుకు వచ్చిందో రాసుకుంటారు, అది తేలకపోతే జవాబు సరిపోయినా సరే చుట్టూ సున్నా చుట్టి ఉంచుతారు.

బుజ్జికి అసలు పద్ధతి చెప్పాను. మామూలు గడిలో ఆధారం అంటే అర్థమే. ఈ మెలిక గడిలో ఆధారానికి ఎక్కువగా రెండు ముక్కలుంటాయి, ఒకటి నేరుగా అర్థం, రెండోది అక్షరాలతో ఆట. అర్థం ఎప్పుడూ వాక్యానికి మొదట్లోనో చివర్లోనో ఉండాలి, మధ్యలో ఉండకూడదు. ఆ రెండు ముక్కలకీ అతుకు కనపడకుండా ఒకే వాక్యంలా చదివించడం కట్టేవాళ్ళ పనితనం, ఆ అతుకు ఎక్కడుందో పట్టుకోవడం విప్పేవాళ్ళ పని. పై దాంట్లో "పారుతూ వస్తుంది" అర్థం, దాని ముందున్నదంతా ఆట. చదివితే మాత్రం ఆవే పరిగెత్తుకొస్తున్నట్టు ఉంటుంది.

ఆఫ్రిట్ అని ఇంగ్లండులో ఒకాయన గడులు కట్టేవాడు, ఆయన 1949లో పెట్టిన నియమం ఒకటుంది, నేను చెప్పినదానికి పైకి కనపడే అర్థమే ఉండక్కర్లేదు, కానీ నా మనసులో ఉన్న అర్థం మాత్రం ఆ మాటల్లో చెప్పి తీరాలి అని. పక్కదారి పట్టించొచ్చు, అబద్ధం చెప్పకూడదు. ఇంతకంటే న్యాయమైన ఆట నేను చూళ్ళేదు. అక్కడ అబ్జర్వర్ పత్రికలో 1926లో కట్టడం మొదలెట్టినాయన టార్క్విమాడా అని పేరు పెట్టుకున్నాడు, స్పెయిన్‌లో జనాన్ని హింసించిన మతవిచారణాధికారి పేరది. ఆయన తర్వాత 1939లో వచ్చిన జిమెనీస్ కూడా అలాంటి అధికారి పేరే తీసుకున్నాడు. 1972లో వచ్చినాయన ఆజెడ్. ఇదెవరి పేరు అని మావయ్యగారు బుజ్జిని అడిగి, డెజా (Deza) అనే ఇంకో అధికారి పేరు ఇంగ్లీషు అక్షరాల్లో వెనకనుంచి చదువు అన్నారు. అది అరచేతిలో రాసుకుని చదువుకుని, పేరులో కూడానా తాతయ్యా అంది.

తిరగేయడం అంటే దానికి బాగా నచ్చేసింది. ఇంగ్లీషులో స్టార్ అక్షరాలు తిరగేస్తే ర్యాట్స్, విడి అక్షరాలు కాబట్టి ఎలాగైనా తిప్పుకోవచ్చు. మనకి అలా కుదరదు, గడిలో పడేది గుణింతమూ వత్తూ సున్నా అన్నీ కలిపి ఒక అక్షరం. చేతులు కట్టేసినట్టే కానీ, కుదిరినప్పుడు ఎంత అందంగా కుదురుతుందో. కడప తిరగేస్తే పడక. "కడప నుంచి వెనక్కి వచ్చి నడుం వాల్చేది (3)". నంది తిరగేస్తే దినం, ఆ సున్నా న తోనే వెళ్ళిపోతుంది చూడండి. లంక తిరగేస్తే కలం, ఇది బుజ్జే కనిపెట్టింది, గోదావరి లంకల్లో పుట్టిన పిల్ల మరి. వెంటనే ఆధారం కూడా రాసేసింది, "లంక తలకిందులైతే రాసుకోవచ్చు (2)".

అక్కడ్నుంచి ఊళ్ళ పేర్ల మీద పడ్డాం. రాజోలుకి నేను "రమ్మని, జోకొట్టి, బహువచనం చేసేస్తే వశిష్ఠ పక్క ఊరు (3)" అని రాశాను, రా, జో, లు, వశిష్ఠ అంటే గోదావరి పాయే. యానాంని వేరే మాటల అక్షరాల మధ్య దాచాలి అంటే బుజ్జి ధ్యానాంజలి అంది. బాగుందే గానీ ధ్యా ఒకటే గడి, దాంట్లోంచి యా ఒక్కదాన్నీ ఊడబెరకలేం. చాలాసేపు చూసి "గయా నాందేడ్ మధ్య దాక్కున్న మన పక్క ఊరు (2)" అని కట్టాను, గయా చివర యా, నాందేడ్ మొదట నాం. రైలు స్టేషన్ల మధ్య వెతుక్కుంటారు, ఊరు కళ్ళ ముందే ఉంటుంది.

మావయ్యగారు కాకినాడకి ఒకటి ఇచ్చారు, "నల్ల పిట్టకి లాగూ బొందు (4)". కాకి, నాడా. అందరం నవ్వాం, కానీ నేను ఒప్పుకోలేదు. ఒకటి, బొందుకి నాడా అంటాం, చివర దీర్ఘం ఉంది, ఊరికి లేదు. రెండు, దాంట్లో ఊరనే మాటే లేదు, అంతా ఆటే, అర్థం ముక్క ఏదీ? "దీర్ఘం ఒక్కటేగా అమ్మాయ్, సర్దుకుంటారులే" అన్నారు. సర్దుకోరండీ, ఒక్కసారి దీర్ఘం దగ్గర మోసం చేస్తే పిల్లలు ఇంక ఏ ఆధారాన్నీ నమ్మరు, నమ్మకపోతే ఆలోచించరు, ఊహించి రాసేస్తారు అన్నాను. కాసేపు ఊరుకుని, ఆయ్, నిజమే, కొట్టెయ్ అన్నారు. శ్రీశ్రీ పదబంధ ప్రహేళికలూ ఆరుద్ర గళ్ళ నుడికట్టులూ విప్పుతూ పెరిగిన మనిషి ఆయన, ఆయన చేత కొట్టెయ్ అనిపించుకోవడం చిన్న విషయమేం కాదు నాకు. ఆయనే ఇంకోటి ఇచ్చారు, ఇది మాత్రం ముత్యం. "కత్తితో, కడలితో, తిరుమల వంటశాలతో (2)". పోటు! కత్తిపోటు, సముద్రం పోటు, శ్రీవారి లడ్డూలు చేసే పోటు. ఒక్క మాట ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు. ఇలాంటివి నాకు రావు, ఆయనకే వస్తాయి.

మధ్యలో దింపోళ్ళకి మజ్జిగ ఇచ్చి, కాయ లెక్క చూసి, వంట చేసి మళ్ళీ కూర్చునేసరికి మూడు దాటింది. అంతర్వేది మిగిలింది. నాలుగు గళ్ళు, అం, త, ర్వే, ది. మొదటి రెండూ అంత అని హాయిగా విడిపోతాయి, ర్వే దగ్గర ఇరుక్కుపోయాం. ర్వే తో తెలుగులో మాట మొదలవ్వదు, కాబట్టి ఏదో ఒకదాని తల నరకాలి. ఏ మాటకి రెండో అక్షరం ర్వే ఉంటుంది అని ముగ్గురం గొణుక్కుంటున్నాం. అప్పుడు బుజ్జి "సర్వే పిన్నీ, మొన్న చేలల్లో రాళ్ళు పాతారు కదా" అంది. సర్వే! మొదలు తెగితే ర్వే. అంత, సర్వేది, స తీసెయ్యాలి. కుదిరింది.

"అంత సర్వేది మొదలు తెగితే నరసింహుడి సన్నిధి (4)" అని ప్రస్తుతానికి రాసి పెట్టాను. ఆట సరిగ్గా ఉంది, అర్థమూ చివర్లో ఉంది, "అంత సర్వేది" అనే చోట మాత్రం వాక్యం ఇంకా తెలుగులా పలకట్లేదు. మావయ్యగారు "అంత పెద్ద సర్వేది" అంటే చదవడానికి బాగుంటుంది అంటున్నారు, అప్పుడు పెద్ద కి పని ఉండదు. బుజ్జి రేపు మళ్ళీ వస్తానంది, ఈ ఒక్కటీ తేలితే గడి గ్రంథాలయంలో ఇచ్చెయ్యొచ్చు.