నొప్పి తగ్గిపోయిందనుకున్నాను

నాలుగున్నర నెలలు ఎదురుచూస్తే వచ్చిన పళ్ళ డాక్టరు అపాయింట్‌మెంట్‌ను నా నోటితో నేనే వద్దన్నాను. నొప్పి తగ్గిపోయింది కదా అని.

మేముండేది పట్నానికి దూరంగా. దగ్గర్లో ఉన్న ఆరోగ్య కేంద్రంలో పళ్ళ డాక్టరు లేరు. ప్రభుత్వ దంత వైద్యశాలకు వెళ్ళాలంటే రెండు గంటల ప్రయాణం. ప్రైవేటులో చూపించుకునే స్తోమత అప్పట్లో మాకు లేదు. కింది వరసలో కుడివైపు దవడపన్ను చల్లనీళ్ళు తగిలితే జివ్వుమంటోందని ఫోన్ చేస్తే పేరు రాసుకున్నారు. "అర్జెంటు కానివాటికి నాలుగైదు నెలలు పడుతుంది మేడమ్, మీ వంతు వచ్చినప్పుడు మేమే ఫోన్ చేస్తాం" అన్నారు. సరే అన్నాను.

మొదట్లో జివ్వుమని రెండు సెకన్లలో సర్దుకునేది. రెండు నెలలు గడిచేసరికి వేడి తగిలినా సలిపేది, ఆ సలుపు పది నిమిషాలైనా వదిలేది కాదు. ఆ తర్వాత ఏదీ తగలకుండానే రాత్రిళ్ళు పోటు మొదలైంది. పడుకుంటే తలలోకి రక్తం ఎక్కువగా చేరి పోటు ఇంకా పెరుగుతుంది. గోడకు రెండు దిండ్లు ఆనించుకుని, కూర్చునే కునుకు తీసేదాన్ని. లవంగ నూనెలో ముంచిన దూది పన్నులో పెట్టుకుంటే గంటసేపు మొద్దుబారేది, తర్వాత మళ్ళీ మామూలే.

ఇది పళ్ళు పుచ్చిన ప్రతివాళ్ళకీ తెలియాల్సిన సంగతి. చల్లటిది తగిలి జివ్వుమన్నా వెంటనే తగ్గిపోతోందంటే లోపలి నరం ఇంకా కోలుకునే దశలోనే ఉండొచ్చు. చాలాసార్లు ఒక ఫిల్లింగ్‌తో పోతుంది. వేడికి సలుపు, ఆగని సలుపు, నిద్ర లేపే పోటు వచ్చాయంటే నరం ఇక కోలుకోదు. అప్పుడు రూట్ కెనాల్ చేయాలి, లేదా పన్ను తీసేయాలి. నొప్పి తీరు మారిందని నేను మళ్ళీ ఫోన్ చేసి చెప్పి ఉండాల్సింది. మారితే చెప్పండి అని వాళ్ళూ అనలేదు. వరసలో పేరుంది కదా, ఊరికే ఫోన్ చేసి విసిగించడమెందుకని నేనూ ఊరుకున్నాను.

ఒకరోజు పొద్దున లేచేసరికి నొప్పి లేదు. చల్లనీళ్ళు పుక్కిలించి చూశాను, ఏమీ తెలియలేదు. ప్రాణం లేచొచ్చినట్టయింది. ఆ తర్వాతే ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. "తగ్గిపోయిందండీ, ఇంకెవరికైనా ఇవ్వండి" అన్నాను. పాపం, నాకంటే బాధలో ఉన్నవాళ్ళకు ఉపయోగపడుతుందనే అనుకున్నాను.

నిజానికి పన్ను నయం కాలేదు. లోపలి నరం చచ్చిపోయింది, అందుకే నొప్పి తెలియలేదు. సూక్ష్మక్రిములు మాత్రం వేరు కొసలోంచి ఎముకలోకి దిగుతూనే ఉన్నాయి.

నెలన్నర తర్వాత బుగ్గ వాచింది. ఒక్క రాత్రిలో దవడ అంచు గీత కనిపించకుండా పోయింది. చర్మం బిగిసి మెరుస్తోంది, ముట్టుకుంటే వేడి. నోరు వేలెడు వెడల్పు కూడా తెరుచుకోవడం లేదు. జ్వరం. మాట ముద్దముద్దగా వస్తోందని మా ఆయనే ఫోన్ చేశారు. ఈసారి అవతలివాళ్ళు వంతు సంగతి ఎత్తలేదు, వరసగా ప్రశ్నలు అడిగారు. వాపు ఎక్కడుంది? జ్వరం ఉందా? నోరు ఎంత తెరుచుకుంటోంది? ఉమ్ము మింగగలుగుతున్నారా? "ఈరోజే తీసుకురండి. దారిలో నాలుక కిందికి వాపు పాకినా, ఊపిరి కష్టమైనా మా దగ్గరికి రావద్దు, దగ్గర్లో ఏ ఎమర్జెన్సీ ఉంటే అక్కడికి వెళ్ళిపోండి" అన్నారు. వాపు దవడ కిందికీ నాలుక కిందికీ పాకితే గాలి వెళ్ళే దారే మూసుకుపోవచ్చట. పన్ను వల్ల ప్రాణం మీదికి వస్తుందని నాకు అప్పుడే తెలిసింది. ఆ రెండు గంటలూ మా ఆయన నా గొంతు వైపే చూస్తూ కూర్చున్నారు.

డాక్టరమ్మ చాలా చిన్న వయసు అమ్మాయి. ఎక్స్‌రే చూపించి, వేరు కొస దగ్గర నల్లటి మచ్చ మీద పెన్ను పెట్టింది. "ఇక్కడ ఎముక కరిగిపోయిందమ్మా. మాత్రలు వాపును ఆపుతాయి గానీ పన్ను లోపలికి చేరవు. అక్కడ రక్తం ఆడటం లేదు కదా. మూలం తీసేయాల్సిందే." చీము పట్టినచోట మత్తు సరిగ్గా ఎక్కదని, దవడ వెనక నరం దగ్గర ఇంజెక్షన్ ఇచ్చింది. చిగురు మీద చిన్న గాటు పెట్టగానే వెచ్చగా, చేదుగా నోరంతా నిండింది. ఆ నిమిషంలోనే బరువు దిగిపోయింది. నేను ఏడ్చేశాను. ఆ అమ్మాయి ఏమీ అనకుండా నా భుజం మీద చెయ్యి ఉంచి ఆగింది.

వారం తర్వాత పన్ను తీశారు. రూట్ కెనాల్‌కు చాలా దూరం వెళ్ళాలి, పైగా నిలబెట్టేంత పన్ను మిగల్లేదు. దూది గట్టిగా కొరికి పట్టుకోవాలి, ఒకరోజు పుక్కిలించకూడదు, స్ట్రాతో పీల్చకూడదు అని చెప్పారు. గుంటలో కట్టిన రక్తపు గడ్డ ఊడితే కింద ఎముక బయటపడుతుందట. ఎంత జాగ్రత్తగా ఉన్నా మూడో రోజుకు నాకు అదే అయింది. చెవిలోకి లాగే నొప్పి. మళ్ళీ రెండు గంటల ప్రయాణం చేసి వెళితే గుంటను కడిగి మందు పెట్టారు. ఆ మందుకీ లవంగం వాసనే! లవంగంలో ఉండే యూజినాల్‌నే అందులో వాడతారట. నోరు మామూలుగా తెరుచుకోవడానికి ఇంకో మూడు వారాలు పట్టింది.

ఆ అమ్మాయి మీద గానీ, ఫోన్ ఎత్తినవాళ్ళ మీద గానీ నాకు కోపం లేదు. కోపమంతా ఆ నాలుగున్నర నెలల మీదే. మొదటి నెలలో అయితే ఫిల్లింగ్‌తో పోయేదానికి పన్ను పోయింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక ప్రకారం నోటి జబ్బులు ఉన్నవాళ్ళు దాదాపు 350 కోట్ల మంది. డ్రిల్లు లేకుండా కూడా పెట్టగలిగే గ్లాస్ అయొనొమర్ ఫిల్లింగ్ మందును అదే సంస్థ 2021లో అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. మాలాంటి చోట్ల ఆరోగ్య కేంద్రంలో, వారానికి ఒక్కరోజు అది పెట్టేవాళ్ళుంటే ఎన్ని పళ్ళు నిలుస్తాయి! ఎడమవైపు పుచ్చుతున్న ఇంకో పన్నుకు నాకు అదే పెట్టారు. ఇరవై నిమిషాల పని, మత్తు కూడా అక్కర్లేకపోయింది.

పోయిన వారం మా ఆయన చల్లనీళ్ళు తాగుతూ బుగ్గ పట్టుకున్నారు. "ఎంతసేపుంది?" అని అడిగాను. రెండు సెకన్లేనన్నారు. అప్పటికప్పుడు ఫోన్ చేసి పేరు రాయించాను. నొప్పి ఎలా మారితే మళ్ళీ ఫోన్ చేయాలో కూడా అడిగి, వాళ్ళు చెప్పింది చెప్పినట్టు కాగితం మీద రాసుకున్నాను.