పోటుతో పైకి, పాటుతో కిందికి

సంక్రాంతి వెళ్లాక, పౌర్ణమి మర్నాడు తెల్లవారుజామున మా బావా నేనూ గాలి కాయక్‌ని, అంటే గాలి నింపి తెడ్డుతో నడిపే చిన్న పడవని, కారు డిక్కీలో వేసుకుని విశాఖ నుంచి భీమిలి బయల్దేరాం. బీచ్ రోడ్డు మీద సుమారు 25 కిలోమీటర్లు. ఎర్రమట్టి దిబ్బలు దాటేసరికి తూర్పున వెలుగు వచ్చింది.

గోస్తనీ నది సముద్రంలో కలిసేది భీమిలి దగ్గరే. వంతెనకి ఎగువన, ఒడ్డు మీద పంపుతో గాలి కొడుతుంటే, వల సర్దుకుంటున్న ఒక తాత అడిగాడు.

"ఏ పక్కకెళ్తారు బాబూ?"

"ఎగువకి తాతా."

"అయితే ఇప్పుడే ఎల్లండి. పోటు ఎక్కుతోంది, నీరే తోసుకెళ్తాది. పాటు తీసినాక తిరిగి రండి."

పోటంటే సముద్రపు నీరు నదిలోకి ఎక్కడం, పాటంటే అది తిరిగి దిగడం. ఆ రోజంతా మాకు పనికొచ్చిన మాట అదే. లైఫ్ జాకెట్లు కట్టుకుని ఆరుంబావుకి నీళ్లలోకి దిగాం.

మొదట్లో నేను చేతుల బలంతో తెడ్డు లాగాను. పది నిమిషాలకే భుజాలు పట్టేశాయి. "నడుము తిప్పు, చేతులు వాటంతట అవే వస్తాయి" అన్నాడు బావ. తెడ్డుని పాదాల దగ్గర నీళ్లలో ముంచి, నడుముతో పాటు వెనక్కి తెచ్చి, తుంటి దగ్గరికి రాగానే పైకి తీసేయాలి. ఆ లయ కుదిరాక ఒళ్లు తేలికైపోయింది.

ఇంజన్ పడవలో కూర్చుంటే నది కింద ఎక్కడో ఉంటుంది. కాయక్‌లో మన నడుము దాదాపు నీటి మట్టంలోనే. తెడ్డు నుంచి జారే చుక్కల చప్పుడు కూడా వినిపిస్తుంది. లకుముకి పిట్ట ఒకటి మా ముందే నీళ్లలోకి దూకి, చేపతో లేచింది. నేను తెడ్డు ఒళ్లో పెట్టుకుని ఊరికే ఉండిపోయాను. పోటు మమ్మల్ని మెల్లగా పైకి తీసుకెళ్తూనే ఉంది.

ఈ నది అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల గుండా వచ్చి, తాటిపూడి జలాశయంలో ఆగుతుంది. అక్కడి నీళ్లు విశాఖకి తాగునీరుగా వస్తాయి. ఇన్నేళ్లూ తాగిన నీళ్ల మీద కూర్చుని వెళ్తున్నానని తట్టినప్పుడు వేళ్లు నీళ్లలో ముంచాను. ఇక్కడ కాస్త ఉప్పగా ఉన్నాయి, సముద్రం కలిసింది కదా.

తొమ్మిది దాటాక నీళ్ల మీద తేలే గడ్డి పరకలు ఆగిపోయాయి. కాసేపటికి అవే కిందికి కదలడం మొదలుపెట్టాయి. మేమూ తిరిగాం. వచ్చేటప్పుడు తెడ్డుతో పెద్దగా పనే లేదు. అయితే పాటు తీస్తున్నప్పుడు నీరు సముద్రంలోకి లాగుతుంది, నది కలిసే చోట అలలు విరుగుతుంటాయి. అందుకే వంతెన కనిపించగానే ఒడ్డు పట్టుకున్నాం.

తాత ఇంకా అక్కడే ఉన్నాడు. అతని బుట్టలోని రొయ్యలు అరకిలో కొనుక్కున్నాం.