నేలపట్టులో గూడబాతులు, చేతిలో 400 లెన్స్

డిసెంబరులో నేనూ మా తమ్ముడూ నెల్లూరు నుంచి తెల్లవారకముందే బయల్దేరాం. నాయుడుపేట దాటి, దొరవారిసత్రం దగ్గర హైవే దిగి లోపలికి వెళ్తే నేలపట్టు పక్షుల అభయారణ్యం. 1976 నుంచీ రక్షణలో ఉన్న చోటు. చెరువు నీళ్లలోనే కడప చెట్లు నిలబడి ఉంటాయి, వాటి మీద గూడబాతులు గూళ్లు పెడతాయి. ఆ పెద్ద పక్షులు అంత సన్నటి కొమ్మల మీద వాలి సర్దుకోవడం చూస్తుంటే కెమెరా సంగతి కాసేపు గుర్తు రాలేదు.

ట్రైపాడ్ తీసుకెళ్లలేదు. వాచ్‌టవర్ మీద నలుగురు నిలబడితే దాన్ని పరచడానికి చోటుండదు, పైగా ఎవరు మెట్లెక్కినా అడుగున చెక్క అదురుతుంది. 100-400 మిల్లీమీటర్ల జూమ్ లెన్స్ చేత్తోనే పట్టుకున్నాం.

చేత్తో తీసేటప్పుడు అందరూ చెప్పే లెక్క ఒకటుంది: లెన్స్ ఎన్ని మిల్లీమీటర్లో, షట్టర్ స్పీడ్, అంటే సెన్సర్ మీద వెలుతురు పడే సమయం, కనీసం సెకనులో అన్నో వంతు ఉండాలి. మాది చిన్న సెన్సర్ కెమెరా కాబట్టి 400ని ఒకటిన్నరతో హెచ్చించాలి. 600 వస్తుంది, కెమెరాలో దానికి దగ్గరి మెట్టు 1/640. ఇప్పటి సెన్సర్లలో పిక్సెళ్లు ఎక్కువ, చిన్న అదురు కూడా బయటపడుతుంది. అందుకే ఇది కనీసం మాత్రమే అనుకుంటాను.

"లెన్స్‌లో స్టెబిలైజేషన్ ఉందిగా అన్నా, ఇంత స్పీడ్ ఎందుకు?" అన్నాడు తమ్ముడు.

నాలుగు స్టాపులు (ఒక్కో స్టాపుకు స్పీడ్ సగానికి తగ్గించుకోవచ్చు) సాయం చేస్తుందనే లెన్స్‌తో, కాగితం మీద లెక్కేస్తే 1/40 కూడా చాలు. చెట్టు మొదలుకైతే నిజంగానే సరిపోవచ్చు. కానీ స్టెబిలైజేషన్ ఆపేది మన చేతి వణుకునే, పక్షి కదలికను కాదు. గూటిలో పిల్ల తల్లి నోట్లోకి ముక్కు దూర్చి కుదుపుతుంటే 1/1000 కావాలి. ఎగిరే గూడబాతు రెక్కలు నిదానంగా ఆడిస్తుంది కనుక దానికి 1/1600 చాలు. రివ్వున మళ్లే చిన్న రేవు పిట్టలకు 1/3200 దాకా వెళ్లాలి.

పొద్దున్నే వెలుతురు తక్కువ. అపెర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే కంత) ఎఫ్ 6.3 దగ్గర ఉంచి 1/640 పెడితే, ఆ తక్కువ వెలుతురును కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే ఐఎస్‌ఓ 3200కి చేరింది. తమ్ముడికి అదే టెన్షన్, ఫొటోలో గింజలు కనిపిస్తాయని. గింజలను తర్వాత సాఫ్ట్‌వేర్‌లో తగ్గించుకోవచ్చు, అదిరిన ఫొటోను మాత్రం పూర్తిగా సరిచేయలేం. ఈ మాట గట్టిగానే చెప్పాను. మాన్యువల్ మోడ్‌లో స్పీడూ అపెర్చరూ మనం పెట్టుకుని ఐఎస్‌ఓని ఆటోకి వదిలేస్తే మనసు పక్షి మీదే ఉంటుంది.

పట్టుకునే తీరు కూడా ముఖ్యమే. ఎడమ చెయ్యి లెన్స్ కింద, మోచేతులు పక్కటెముకలకు ఆనించి, ఊపిరి సగం వదిలి, బటన్ మెల్లగా నొక్కాలి. నేను మూడు నాలుగు ఫ్రేములు వరసగా తీస్తాను. వేలు నొక్కిన కుదుపు మొదటి ఫ్రేములోనే ఎక్కువ పడుతుంది, మధ్యవి బాగుంటాయి.

ఎండ వచ్చాక సూళ్లూరుపేట మీదుగా శ్రీహరికోట రోడ్డెక్కాం. రెండు వైపులా పులికాట్ సరస్సు. గాలి లెన్స్‌ను పక్కకు తోస్తోంది, కనీస స్పీడ్ 1/1000కి పెంచాను. కారు కిటికీలోంచి తీసేటప్పుడు ఇంజన్ ఆపేయాలి, లేకపోతే ఆ వణుకు నేరుగా చేతుల్లోకొస్తుంది. రాజహంసలు (ఫ్లెమింగోలు) పైకి లేచే ముందు నీళ్ల మీద పరుగెత్తుతాయి. రెక్కలు విప్పగానే ఆ ఎరుపూ నలుపూ! 1/2000, ఐఎస్‌ఓ 800. ఆ కాసేపటి కోసమే ఇంత దూరం రావచ్చు. పదిన్నర దాటాక నీటి మీద గాలి వేడికి అలలాడుతుంటే ఏ స్పీడూ పనిచేయలేదు, ఆపేశాం.

సూళ్లూరుపేటలో టిఫిన్ చేస్తూ ఫొటోలు పెద్దవి చేసి చూశాం. మొత్తం ఫ్రేము ఒకే వైపు సాగితే చెయ్యి కదిలినట్టు. కొమ్మ స్పష్టంగా ఉండి పక్షి మాత్రమే చెదిరితే స్పీడ్ సరిపోనట్టు. వెనక ఆకులు షార్ప్‌గా ఉంటే తప్పు ఫోకస్‌ది. తమ్ముడు 1/500 దగ్గర తీసిన ఒక గూడబాతుకు కన్ను పదునుగా ఉంది, రెక్కల కొసలు మాత్రం చెదిరాయి. డిలీట్ చేయబోయాడు. వాలుతున్న వేగమంతా ఆ కొసల్లోనే ఉంది, ఉంచమన్నాను.