గెడ్డకి అక్షరాలెన్ని

ఆదివారం. పొద్దున్నే అమ్మతో ఎంవీపీ కాలనీ రైతు బజార్‌కి వెళ్ళి కూరలు మోసుకొచ్చా, ఎనిమిదిన్నరకే ఒళ్ళంతా జిగట, సముద్రం ఇంత దగ్గర్లో ఉన్నా గాలి మాత్రం సాయంత్రం దాకా రాదు ఈ నెలల్లో. ఇడ్లీ తినేసి ఫ్యాన్ కింద ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నా, లేచేసరికి మధ్యాహ్నం రెండు.

సంక్రాంతి నుంచి అమ్మమ్మ నోట్లోంచి వచ్చే మాటలు ఒక ఫైల్లో రాసుకుంటున్నా కదా, లైనుకొక మాట, దాని పక్కన అర్థం. బుగత, అప్ప, చోడి, అంబలి, గెడ్డ... ఇప్పటికి 211 అయ్యాయి. అమ్మమ్మది విజయనగరం దగ్గర పల్లెటూరు, అక్కడ వాగుని వాగు అనరు, గెడ్డ అంటారు. మా విశాఖలో మేహాద్రి గెడ్డ రిజర్వాయర్ పేరు అందరం అంటాం గానీ ఆ గెడ్డ అంటే ఏంటని అడిగితే సగం మంది చెప్పలేరు, నాకది నిజంగా బాధగా ఉంటుంది. హైదరాబాద్‌లో ఉన్న అక్క కూతురు రెండో తరగతి, రెండక్షరాల మాటలు మూడక్షరాల మాటలు అని వాచకంలో చదువుతోంది, అలాగే అమ్మమ్మ మాటలు కూడా విడదీసి పంపరా అని అక్క అడిగింది. చేత్తో లెక్కపెట్టినా గంటలో అయిపోయేదే కానీ రోజూ కొత్తవి చేరుతున్నాయి, అందుకే నేను వాడే విమ్ అనే టెక్స్ట్ ఎడిటర్‌లోనే చిన్న స్క్రిప్ట్ రాద్దామనుకున్నా.

విమ్‌లో ఉన్న రీడ్‌ఫైల్ అనే ఫంక్షన్ వాడితే ఫైల్ మొత్తం లైన్ల లిస్టుగా వచ్చేస్తుంది, స్ప్లిట్ అంటే మాట ఒకవైపు అర్థం ఒకవైపు, ఇక్కడిదాకా ఐదు నిమిషాలు. తర్వాత పొడవు. పొడవు చెప్పే స్టర్‌లెన్ అనే ఫంక్షన్‌కి గెడ్డ ఇచ్చా, 15 అంది. అది బైట్లు లెక్కపెడుతుంది, అక్షరాల్ని కంప్యూటర్ దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కోటి మూడు బైట్లు. సరే అని స్టర్‌చార్స్‌కి ఇస్తే 5. గ, ఎత్వం, డ, పొల్లు, మళ్ళీ డ, వీటన్నిటినీ విడివిడిగా లెక్కేసింది. హెల్ప్ చదివితే అదే ఫంక్షన్‌కి రెండోదిగా 1 ఇస్తే పైనా కిందా అతుక్కునే గుర్తుల్ని వేరేగా లెక్కపెట్టదని ఉంది, ఇచ్చా, 3 వచ్చింది. గె, డ్, డ. మనకైతే గె, డ్డ, రెండే కదా! ఒక్క మాటకి 15, 5, 3, మూడు జవాబులూ కరెక్టే, కానీ వాచకంలో ఉండే అక్షరం వాటిలో లేదు.

దీనికి కోపం రాలేదు నాకు, పైగా ఎంత ఓపికగా ఆలోచించారో అనిపించింది. బ్రామ్ మూలెనార్ అమీగా కంప్యూటర్ మీద 1988లో మొదలుపెట్టి 1991లో విడుదల చేసిన ఎడిటర్ ఈ విమ్, స్క్రిప్ట్ భాష 1998లో 5.0తో వచ్చింది, ఆయన 2023 ఆగస్టులో పోయారు. ఖాళీగా తెరిస్తే యుగాండాలో పేద పిల్లలకి సాయం చెయ్యండని ఇప్పటికీ అడుగుతుంది, నేను చదవకుండా దాటెయ్యలేను ఆ లైన్. నెదర్లాండ్స్‌లో ఉన్న మనిషి మొదలుపెట్టిన దాంట్లో మా అమ్మమ్మ గెడ్డకి ఎత్వం ఎక్కడ అతుక్కుందో పొల్లు ఎక్కడ అతుక్కుందో తెలుసుకునే దారి ఉంది, అది చిన్న విషయం కాదు.

మిగిలిన ఒక్క మెట్టు మనం ఎక్కాలి. స్టర్‌టులిస్ట్ అని ఇంకోటి ఉంది, మాటని నంబర్ల లిస్టుగా ఇస్తుంది, గెడ్డ ఇస్తే 3095, 3142, 3105, 3149, 3105. ఆ 3149 పొల్లు. కౌంట్‌తో 3149 ఎన్నిసార్లు వచ్చిందో చూసి ఆ 3లోంచి తీసేస్తే 2. విశాఖపట్నం కూడా వేసి చూశా, 6లోంచి 1 పోతే 5, వి శా ఖ ప ట్నం, చేతి వేళ్ళ మీద కూడా అంతే. బస్ లాంటి పొల్లు మాటకి 1 చెప్తుంది, ఛందస్సులో పొల్లు ముందు అక్షరంలోనే కలిసిపోతుంది కాబట్టి అది తప్పనలేను. ఇదంతా ఒక ఫంక్షన్‌గా రాసుకున్నా, దాని పేరు మాత్రం ఇంగ్లీషు పెద్ద అక్షరంతో మొదలెట్టాలి, చిన్న అక్షరాలు విమ్ సొంత ఫంక్షన్లవి.

తర్వాత ఒక దెబ్బ తగిలింది. రెండక్షరాలవి ఫిల్టర్ చేశా, బాగానే వచ్చాయి, మూడక్షరాలవి ఫిల్టర్ చేస్తే ఏమీ లేవు. ఫిల్టర్ ఇచ్చిన లిస్టునే కోసేస్తుంది, కాపీ తీసి ఇవ్వాలి. ఫైల్ అలాగే ఉంది కాబట్టి మళ్ళీ చదివించా. అప్పుడే అమ్మమ్మ గుమ్మంలోంచి, "ఏట్రా, పొద్దున్నించి ఆ డబ్బాకేసే సూస్తన్నావు, అన్నం తినవా" అంది. నీ మాటలే అమ్మమ్మా అంటే నమ్మలేదు.

తిన్నాక, మాటలూ అర్థాలూ రెండు నిలువు వరసల్లో రావాలని ప్రింట్‌ఎఫ్ అనే ఫంక్షన్ పని పట్టా. పర్సెంట్ పక్కన చిన్న ఎస్ పెట్టి 12 వెడల్పు ఇస్తే అది బైట్లు చూస్తుంది, గెడ్డ అప్పటికే 15 కాబట్టి ఒక్క ఖాళీ కూడా పెట్టకుండా అర్థం వచ్చి మాటకి అతుక్కుపోయింది. పెద్ద ఎస్ పెడితే తెర మీద పట్టే గళ్ళ లెక్క చూసి ఖాళీలు పెట్టింది. అయినా వరస పూర్తిగా నిటారుగా రాలేదు, తెలుగు ఫాంట్‌లో ఒక్కో అక్షరం ఒక్కో వెడల్పు, ఆ లెక్క ఎడిటర్‌కి తెలిసే దారి లేదు, మధ్యలో ట్యాబ్ పెట్టి ఊరుకున్నా.

ఎండ దిగాక ఆర్కే బీచ్ దాకా నడిచొచ్చా. రాత్రి రెండక్షరాల లిస్టు వాట్సాప్‌లో పెడితే అక్క వీడియో కాల్ చేసి పిల్లతో చదివించింది. చోడి, అప్ప బాగానే చదివింది, గెడ్డ దగ్గర గడ్డ అంది. అమ్మమ్మ ఫోన్ లాక్కుని, "గడ్డ కాదే గుంటా, గెడ్డ" అంది. "ఉల్లిగడ్డలో గడ్డ కాదా తాతమ్మా?" అంది అది. అమ్మమ్మకి ఉల్లిగడ్డ అర్థం కాలేదు, ఇక్కడ ఉల్లిపాయే కదా. దానికి గెడ్డంటే నీళ్ళు పారేదని ఇద్దరం కలిసి చెప్పాం. ఫైల్లో ఉల్లిగడ్డ కూడా రాశా, పక్కన ఎవరి మాటో తెలిసేలా పిల్ల పేరు పెట్టా.