వుడ్‌వర్డ్ మీద లింకన్

స్విచ్ నొక్కగానే మొదట ఆ పాత కారు డిక్కీ మూత లేచింది. మామూలు కార్లలా కాదు, దీనికి బందులు బంపర్ వైపున్నాయి. ఆ తర్వాత టాప్ మెల్లగా లేచి, మడతపడి, అందులోకి దిగిపోయింది. మూత పడింది. ఇంకేం కనబడదు!

1964 లింకన్ కాంటినెంటల్ కన్వర్టిబుల్. ఇవాళ పొద్దున డెట్రాయిట్ దగ్గర, వుడ్‌వర్డ్ అవెన్యూ పక్కన ఆగి ఉంది. నాలుగు తలుపులు. ముందూ వెనకా కలిపి చెరోవైపు తెరిస్తే మన పాతిళ్ల వీధి తలుపులే గుర్తొచ్చాయి నాకు.

ఓనరు పెద్దాయన, డెబ్భై దాటి ఉంటాయి. "వెనక తలుపు తీసి అద్దం చూడు" అన్నారు. హ్యాండిల్ లాగగానే అద్దం దానంతటదే కాస్త కిందికి జారింది, దేనికీ ఒరుసుకోకుండా. కంప్యూటర్ లేదు. అన్నీ రిలేలు (కరెంటుతో పనిచేసే స్విచ్‌లు), మోటార్లు, హైడ్రాలిక్ పంపులే. ఒక్క టాప్ వైరింగ్ బాగుచేయడానికే ఆయనకి రెండు చలికాలాలు పట్టిందట.

నేను రోజంతా కార్ల సాఫ్ట్‌వేర్ రాస్తాను. అయినా అక్కడ చిన్నపిల్లాడిలా నిలబడిపోయాను.

నాన్న విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు లారీల వైరింగ్ పని చేశాడు. వీడియో పంపాను. వెంటనే ఫోన్ చేసి, "ఆ రిలే టిక్కుమనే చోట ఇంకోసారి పెట్టరా" అన్నాడు.

మూడుసార్లు పెట్టించుకున్నాడు.