మార్ఫిన్ మాత్రలు, నా వాంతులు

తొడ ఎముకకు ఆపరేషన్ అయ్యాక నొప్పికి మార్ఫిన్ మాత్రలు ఇచ్చారు. నొప్పి దిగింది, వికారం పట్టుకుంది. తల ఇటు నుంచి అటు తిప్పితే చాలు, కడుపులోంచి తన్నుకొచ్చేది. ఈ మందు నాకు పడదు, వేసుకోనని మొండికేశాను.

డాక్టరుగారు మందు మాన్పించలేదు. "వాంతి ఎప్పుడొస్తోంది? కదిలితేనా, తిన్నాకనా, రోజంతానా?" అని అడిగారు. వాంతుల్లో ఇన్ని రకాలుంటాయని నాకేం తెలుసు! మార్ఫిన్ మెదడు అడుగున వాంతిని రేపే చోటును నేరుగా కదిలిస్తుందట. లోపలి చెవిలో ఒళ్లు తూలిపోకుండా చూసే భాగాన్ని రెచ్చగొడుతుంది. పైగా కడుపునీ పేగులనీ మందగింపజేస్తుంది. కారణాన్ని బట్టి మందు మారుతుంది. నాది కదిలితే వచ్చేది కాబట్టి ప్రయాణాల్లో వాంతులకు వాడే రకం మాత్ర రాశారు. రెండు ముద్దలకే కడుపు నిండిపోయినట్టుండే వాళ్లకైతే కడుపును కదిలించే మెటోక్లోప్రమైడ్ లాంటిది ఇస్తారట. వాంతుల మందుల్లో అందరికీ తెలిసిన పేరు కదా అని ఆన్‌డాన్‌సెట్రాన్ అడిగాను. "అది మలబద్ధకం చేస్తుంది, మార్ఫిన్ ఇప్పటికే ఆ పనిలో ఉంది" అని నవ్వేశారు.

ఆ మలబద్ధకం సంగతి నర్సమ్మ గుచ్చి గుచ్చి అడిగితేగాని బయటికి రాలేదు. ఇలాంటివి ఎవరు మాత్రం తమంతట తాము చెప్తారు? రాత్రిపూట విరేచనం అయ్యేందుకు సెన్నా మాత్రలు మొదలుపెట్టారు. కడుపు కదిలాక వికారం సగానికి సగం తగ్గింది. నా మటుకు నాకు అసలు మందు అదే.

వాంతుల మాత్రకూ మత్తుంది, మార్ఫిన్‌కూ మత్తుంది. లేపినా సరిగా లేవకపోయినా, ఊపిరి మందగించినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకురమ్మని ఇంట్లోవాళ్లకు గట్టిగా చెప్పారు. మా ఆవిడ ఆ రాత్రులు సరిగా పడుకోలేదు. వేళ తప్పకుండా పారాసిటమాల్ కూడా వేయడంతో మార్ఫిన్ మోతాదు కాస్త తగ్గించగలిగారు. మాత్ర వేసుకున్నాక తల ఎత్తుగా పెట్టుకుని, కదలకుండా పడుకునేవాణ్ని. తిండి కొంచెం కొంచెంగా, చల్లారాక తినేవాణ్ని. వేడి కూర వాసనకే కడుపులో తిప్పేసేది.

వారం తిరిగేసరికి వికారం దాదాపు పోయింది. చాలామందిలో ఒళ్లు అలా అలవాటు పడుతుందట. మలబద్ధకానికి మాత్రం ఆ అలవాటు ఉండదు. అందుకే వాంతుల మాత్ర ముందే ఆపేసినా, మార్ఫిన్ మెల్లమెల్లగా తగ్గించి పూర్తిగా మానేదాకా సెన్నా వేసుకుంటూనే ఉన్నాను.